ఎడమ వెనక చక్రం

నా చిన్నప్పుడు మా అవ్వ ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద ఒక పాత కారుకు జరిగేది. ఇంటి ముందు ఒకే ఒక్క వేపచెట్టు ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం అవ్వ తన నులక మంచం ఆ నీడలో వేసుకుని నడుం వాల్చిందో లేదో, మా మేనమామ కిరాయి నుంచి తిరిగొచ్చేవాడు. ఇక అవ్వ లేచి మంచాన్ని పక్కకు జరుపుకోవాల్సిందే, నీడ మాత్రం కారుది. "కన్నతల్లి ఎండల ఉండాలె, ఇనుము నీడకు ఉండాలె" అని అవ్వ గొణిగేది. గొణిగేది గానీ, కారు అద్దం మీద పిట్ట రెట్ట వేస్తే తన కొంగుతో తుడిచేది కూడా ఆమే.

ఆ నల్ల కారును కామారెడ్డిలో ఒక డాక్టరు గారు చాలా ఏళ్లు వాడి వదిలేస్తే మా మామ తెచ్చుకున్నాడు. మా అవ్వ ఊరు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి, చుట్టుపక్కల ఊళ్లకు, పెళ్లికో దవాఖానకో కిరాయికి నడిపేవాడు. మా అమ్మా బాపుది పెద్దకొడప్‌గల్ దాటాక ఒక చిన్న పల్లె. అక్కడి బడి మూడో తరగతితో ఆగిపోయేది కనుక నన్ను అవ్వ దగ్గర ఉంచి చదివించారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మామకు ఇంకా పెళ్లి కాలేదు. ఆయన ప్రేమలో సగం కారుకు, సగం నాకు దక్కేది. ఆదివారం కారు కడిగేటప్పుడు పైభాగమంతా ఆయన వంతు, చక్రాలు నా వంతు. నాలుగింటిలో ఎడమ వెనక చక్రం మీద నాకు ప్రత్యేకమైన జాలి. ఎందుకంటే అది ఏడ్చేది.

మామ బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆ చక్రం లోపలి నుంచి కీచుమని సన్నటి ఏడుపు వచ్చేది. బజారులో కారు ఆగితే పడుకున్న కుక్కలు కూడా తలెత్తి చూసేవి. మామ పట్టించుకునేవాడు కాదు. "దుమ్ము పట్టింది బిడ్డా. కామారెడ్డి పోయినప్పుడు మిస్త్రీ చాచాకు చూపిద్దాం తియ్" అనేవాడు. నాకు మాత్రం ఆ చప్పుడు వింటే పంటికింద రాయి పడ్డట్టు ఉండేది. మా ఇంట్లో ఏది కిర్రుమన్నా, కీచుమన్నా అవ్వ దగ్గర ఒకటే మందు ఉండేది. తలుపు బందులకు ఆముదం, బావి గిరకకు ఆముదం, తన మోకాళ్లకు ఆముదం, నా రెండు జడలకూ ఆముదం. రెండు చుక్కలు పడగానే తలుపు నోరు మూసుకునేది, గిరక నోరు మూసుకునేది. అంత చిన్న సంగతి కారు విషయంలో పెద్దవాళ్లకు ఎందుకు తట్టడం లేదో నాకు అర్థమయ్యేది కాదు.

సీతాఫలాల కాలంలో ఒకరోజు అదే చక్రం పంక్చరైంది. మామ ఇంటి ముందే జాకీ పెట్టి కారును లేపి, చక్రం విప్పి, పంక్చరు షాపుకు దొర్లించుకుంటూ పోయాడు. పోతూ పోతూ "జాకీ మీదున్నది బిడ్డా, ఎవ్వర్నీ దగ్గరికి రానియ్యకు" అని నన్ను కాపలా పెట్టాడు. చక్రం తీసేసిన చోట ఇనుప గిన్నెను బోర్లించినట్టు ఒకటి కనిపించింది. దాన్ని డ్రమ్ము అంటారని నాకు తెలుసు. దాని ముఖాన ఒక చిన్న రంధ్రం ఉంది. బ్రేకు వదులైనప్పుడు మామ ఆ రంధ్రంలోంచి స్క్రూడ్రైవరు పెట్టి బిగించడం నేను చూశాను. ఏడుపు అందులోంచే వస్తోంది కనుక, మందు తాగించాల్సిన నోరు కూడా అదే అనుకున్నాను.

అవ్వ బావి దగ్గర బట్టలు పిండుతోంది. నేను లోపలికి పరిగెత్తి చాయ్ గిలాసలో ఆముదం వంపుకున్నాను. నోటుబుక్కు కాగితాన్ని గొట్టంలా చుట్టి రంధ్రంలో పెట్టి నెమ్మదిగా పోశాను. ఆముదం చిక్కన కదా, దిగడానికి చాలాసేపు పట్టింది. జ్వరం వచ్చిన పసిపిల్లకు మందు పట్టినట్టు ఎంత ఓపికగా పోశానో ఇప్పటికీ గుర్తుంది. బయటికి కారిన చుక్కల్ని లంగా అంచుతో తుడిచేశాను.

మామ వచ్చి చక్రం బిగించి, కారును బజారు దాకా తిప్పి తెచ్చాడు. ఏడుపు లేదు. "అరె, దానంతట అదే పోయింది గదనే అవ్వా!" అని ఆశ్చర్యపోయాడు. నేను గడప మీద కూర్చుని లోలోపల నవ్వుకున్నాను. చెప్పేస్తే ఆ సంతోషం చప్పబడిపోతుందని చెప్పలేదు. భయం తర్వాత వచ్చింది గానీ, ఆ మొదటి రోజు నా నోరు మూసింది గర్వమే.

మర్నాటి నుంచి మామ ముఖం మారింది. ఆపాలనుకున్న చోట కారు ఆగడం లేదు, ఇంకో రెండు గజాలు ముందుకు పోతోంది. ఆయన బానెట్ ఎత్తి బ్రేకు ఆయిల్ డబ్బా చూశాడు. నిండుగానే ఉంది. కారు కింద దూరి పైపులన్నీ తడిమాడు. ఎక్కడా తడి తగల్లేదు. పెడల్ కాలి కింద గట్టిగానే ఉంది, మెత్తగా కుంగడం లేదు, అంటే పైపుల్లోకి గాలి చేరలేదు. వెనక బ్రేకులు మళ్లీ బిగించాడు. ఇన్ని చేసినా, చేతి బ్రేకు లాగి వెనక నుంచి తోస్తే కారు కదిలిపోతోంది. చేతి బ్రేకు పట్టుకునేది వెనక చక్రాలను మాత్రమే కనుక రోగం వెనకే ఉందని ఆయనకు తెలిసింది. ఎందుకొచ్చిందో తెలియలేదు. వారం కిందట ఆ వెనక బ్రేకుల్ని బిగించింది ఆయన చేతులే. అందుకని ఆయన అనుమానమంతా మెల్లగా తన మీదికే మళ్లింది.

నాకు అప్పటికి ఏ అనుమానమూ రాలేదు. నేను పోసింది మందు. మందు వల్ల రోగం వస్తుందని తొమ్మిదేళ్ల పిల్లకు ఎలా తోస్తుంది?

మూడో రోజు, మెల్లగా పోతే ఏం కాదని మామ అనడంతో, అవ్వను లింగంపేటలో ఉన్న ఆమె చెల్లెలింటికి తీసుకుపోతున్నాం. దారిలో చెట్లు దట్టమయ్యే చోట రోడ్డు కొంచెం ఎత్తెక్కుతుంది. అక్కడ ఒకామె గంపలో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది. ఒక్క నిమిషమే కదా అని మామ అలవాటు కొద్దీ, కారును గేరులో కూడా వేయకుండా, చేతి బ్రేకు గట్టిగా లాగి దిగాడు. ఆయన వెనకే నేనూ దిగాను. చూపు మందమైన అవ్వ వెనక సీట్లో ఒక్కతే కూర్చుని ఉంది.

మేము పండ్లు ఏరుతుండగానే కారు వెనక్కి జారడం మొదలుపెట్టింది. ముందు చాలా నెమ్మదిగా, ఎవరో నడిపిస్తున్నంత మర్యాదగా జారింది. లోపలి నుంచి అవ్వ గొంతు వినబడింది. "ఎటు తోల్తున్నవ్‌రా కొడకా? పండ్లు కొన్నవా లేదా?"

మామ చేతిలోని పండ్లు వదిలేసి పరిగెత్తాడు. తలుపు పిడి పట్టుకుని ఆపబోతే కారు ఆయన్నే ఈడ్చుకుపోయింది. మోకాళ్లు రోడ్డుకు గీసుకుపోయాయి. వెనక రోడ్డు కింద వాననీళ్లు పోయే మోరీ, దాని పక్కన లోతైన గుంట ఉన్నాయి. రోడ్డు బాగు చేయడానికి తెచ్చిపోసిన కంకర కుప్ప ఒకటి అడ్డంగా ఉండబట్టి కారు దానికి తగిలి దబ్బుమని ఆగింది. అవ్వకు ఏమీ కాలేదు. "గింత ఊపుడేందిరా" అని మాత్రం తిట్టింది. మామ కిందనే కూర్చుండిపోయాడు. 

కాసేపటికి లేచి వెనక చక్రాల కింద రాళ్లు పెట్టాడు. ఎడమ చక్రం లోపలి వైపు చూసి ఆగిపోయాడు. అక్కడ తడి నల్లగా ఊరి, దాని మీద దుమ్ము వలయంలా అతుక్కుని ఉంది. "ఏక్సిల్ నూనె కారుతున్నట్టుంది" అన్నాడు తనలో తాను. చక్రాన్ని తిప్పే ఇరుసులోని నూనె అన్నమాట. నేను ఆయన పక్కనే వంగి చూశాను. వేడెక్కిన ఆముదం వాసన నా ముక్కుకు కొట్టింది. మా ఇంటి నిండా, మా బట్టల నిండా, నా జడల నిండా ఎప్పుడూ అదే వాసన కనుక మామ దాన్ని పట్టించుకోలేదు. నేను మాత్రం పట్టుకున్నాను.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. వెనక సీట్లో అవ్వ, రక్తం కారుతున్న మామ మోకాళ్లు, ఆ గుంట, వాటిని చూశాక చెప్పలేకపోయాను.

ఆ సాయంత్రం ఇంకొకటి జరిగింది. పక్కింటి అక్కకు నెలలు నిండాయి. తొలి కాన్పు. నొప్పులు మొదలైతే కామారెడ్డి దవాఖానకు మా మామ కారులోనే పోవాలని వాళ్లింట్లో ముందే అనుకున్నారు. మామ తానే మా రెండిళ్ల మధ్య గోడ దగ్గరికి పోయి, వేరే బండి చూసుకొమ్మని చెప్పాడు. అక్క తన పొట్ట మీద చేయి వేసుకుని, "నీ బండిల అయితెనే నాకు ధైర్యం అన్నా" అంది. మామ తల వంచుకుని వచ్చేశాడు. వచ్చి అవ్వ ముందు కూలబడ్డాడు.

"నా చేతులు పోయినయే అవ్వా. నేను బిగించిన బ్రేకే గద. ఇయ్యాల నిన్ను చంపుకుంటుంటి. రేపు గా పిల్లను చంపుత. బండి అమ్మేసి ఎవలదగ్గరన్న జీతముంట."

"నోరు మూస్కో. ముందుగాల మిస్త్రీకి చూపియ్" అంది అవ్వ.

నేను తలుపు చాటున నిలబడి అంతా విన్నాను. మాట నాలుక కొస దాకా వచ్చింది, వెనక్కి పోయింది. అన్నం తినకుండా పడుకుంటే అవ్వ నుదురు పట్టి చూసి, దిష్టి తగిలిందని ఉప్పు తిప్పింది. ఆమె నా మీద చూపించిన ఆ ప్రేమ ఆ పూట నాకు ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు బడి లేదు. మామ కారును కామారెడ్డికి తీసుకుపోతూ నన్ను కూడా ఎక్కమన్నాడు. ఆయన ఆపిన ప్రతిచోటా నేను దిగి చక్రం వెనక రాయి పెట్టాలి. గోనెసంచిలో చుట్టిన రాయిని ఒడిలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి. ఎడ్లబండి కూడా ఒకటి దాదాపు దాటబోయింది. ఎప్పుడూ దారి పొడుగునా ఏదో ఒకటి చెప్పి నవ్వించే మామ ఆ రోజు ఒక్క ముక్క మాట్లాడలేదు. కారు ఆగినప్పుడల్లా స్టీరింగు మీది నుంచి చేతులు తీసి, అరచేతులు తిప్పి చూసుకునేవాడు. ఎవరివో చేతులు చూస్తున్నట్టు చూసుకునేవాడు.

రైలు స్టేషను అవతల ఒక రేకుల షెడ్డులో, మామ చాచా అని పిలిచే మిస్త్రీ తాత బండ్లు బాగు చేసేవాడు. తెల్ల గడ్డం, ఒక పక్క దారంతో కట్టుకున్న కళ్లద్దాలు. మా మామకు బండి పని నేర్పింది ఆయనే. ఆయన వెంటనే ఏదీ విప్పలేదు. మామను ఎదురుగా కూర్చోబెట్టి, హకీము రోగిని అడిగినట్టు నిదానంగా అన్నీ అడిగాడు. పెడల్ గట్టిగా ఉందా మెత్తగా ఉందా, ఆయిల్ తగ్గిందా, ఆగేటప్పుడు ఏ పక్కకు లాగుతోంది, ఎప్పటి నుంచి ఇలా ఉంది.

"కీచుమనుడు బందైన దినం నుంచే చాచా" అన్నాడు మామ. మిస్త్రీ తాత కళ్లద్దాల మీదుగా ఒకసారి చూసి ఊరుకున్నాడు.

తర్వాత కారు వెనక భాగాన్ని రెండు జాకీల మీద లేపి, నన్ను డ్రైవరు సీటు వైపు ఎక్కించాడు. కూర్చుంటే కాలు అందదు కనుక స్టీరింగు పట్టుకుని నిలబడి పెడల్ మీద నా బరువంతా వేయాలి. "తొక్కు బేటీ" అంటే తొక్కాను. ఆయన కుడి వెనక చక్రాన్ని తిప్పబోతే అది కదల్లేదు. ఎడమ చక్రం మాత్రం రెండు చేతులతో లాగితే జారుతూ జారుతూ తిరిగింది. "తక్కినదంత మంచిగనే ఉన్నది. బీమారి గీ ఒక్క కాలుకే. పాత చేతి బ్రేకు ఒక్క కాలు మీద బండిని ఆపది" అన్నాడు.

చక్రం విప్పి, డ్రమ్ము చుట్టూ సుత్తితో చిన్నగా కొడితే అది ఊడి వచ్చింది. లోపల నెలవంకల్లా రెండు ఇనుప ముక్కలు, వాటి మీద తాపడం చేసిన లైనింగు ఉన్నాయి. పొడిగా, బూడిద రంగులో ఉండాల్సిన లైనింగు నల్లగా నిగనిగలాడుతోంది. "ఏక్సిల్ సీల్ పోయింది గద చాచా? నేను బిగించేటప్పుడే ఏదో చెడగొట్టిన" అన్నాడు మామ.

మిస్త్రీ తాత ఆ తడిని వేలికి తీసుకుని రెండు వేళ్ల మధ్య రుద్దాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ ఒకసారి వాసన చూశాడు. అప్పుడు నెమ్మదిగా తల తిప్పి నా వైపు, నూనె ఓడుతున్న నా రెండు జడల వైపు చూశాడు. నా కాళ్లు చల్లబడిపోయాయి.

"బేటా, గరుకు కాయితం అయిపోయింది. జర పెట్రోలు గూడ గావాలె. చౌరస్తా దాక పోయి పట్కరా" అని మామను పంపించాడు. ఆయన వెనక అరలో గరుకు కాయితాలు దొంతరగా ఉండటం నాకు కనిపిస్తూనే ఉంది.

మామ మలుపు తిరిగాక ఆయన ఒక ఖాళీ డబ్బాను బోర్లించి నా ఎదురుగా కూర్చున్నాడు. ఎందుకు పోసినవ్ అని అడుగుతాడని బిగుసుకుపోయాను. ఆయన అది అడగలేదు.

"ఎంత పోసినవ్ బేటీ?"

ఎందుకు అని అడిగి ఉంటే ఏడ్చేదాన్నో, అబద్ధం చెప్పేదాన్నో. ఎంత అన్నదానికి నా దగ్గర జవాబు ఉంది. "చాయ్ గిలాసల సగం" అన్నాను.

"రెండో చక్రంల?"

"లేదు తాత. గది ఏడుస్తలేకుండె."

ఆయన గడ్డం ఊగేదాకా నవ్వాడు. నేను చెప్పింది చాలా మేలు చేసిందన్నాడు. వాసన ఆముదానిదే అయినా అందులో ఏక్సిల్ నూనె కూడా కలిసిందేమో అన్న అనుమానం ఉంటుందట. ఆ అనుమానంతో ఏక్సిల్ మొత్తం పీకితే రెండు రోజుల పనట. చక్రం దగ్గరికి పోయి, ఏక్సిల్ నూనెను బయటికి రాకుండా ఆపే సీల్ చుట్టూ గుడ్డతో తుడిచి, అది పొడిగా ఉందని నాకూ చూపించాడు.

తర్వాత తన చూపుడువేలు చాచి, గట్టిగా పట్టుకొమ్మన్నాడు. పట్టుకున్నాను. ఆయన లాగితే రాలేదు. అప్పుడు డ్రమ్ములోని ఆముదం కొంచెం నా అరచేతికి రాసి మళ్లీ పట్టుకొమ్మన్నాడు. ఎంత బిగించినా ఆ వేలు నా పిడికిట్లోంచి చేపపిల్లలా జారిపోయింది.

"సూసినవా? బండిల అన్నిటికి నూనె గావాలె. ఒక్క బ్రేకుకే వద్దు. గది రాస్కుంటెనే బండి నిలవడ్తది. రాస్కున్నప్పుడు జర ఏడుస్తది. ఏడ్వనియ్యి."

నేను అప్పటికే ఏడుస్తున్నాను. ఆయన తన భుజం మీది తువాలుతో నా ముఖం తుడిచాడు. ఆ తువాలు నిండా గ్రీజు వాసన. "మీ మామకు నేనైతే జెప్ప. నువ్వే జెప్పాలె" అన్నాడు.

"కొడ్తడు తాత."

"కొట్టడు. వచ్చినప్పటి సంది ఆయన ఏం జూస్తుండో సూసినవా? తన చేతులు జూస్కుంటుండు. గా చేతులు మంచిగనే ఉన్నయని ఈ దునియాల ఇప్పుడు నీకు, నాకే ఎరుక."

మామ తిరిగొచ్చాక ఆయన ఏమీ జరగనట్టే పనిలో పడ్డాడు. నూనె తాగిన లైనింగును ఎంత కడిగినా వేడెక్కితే మళ్లీ కక్కుతుందని దాన్ని పారేశాడు. ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి పాత చెప్పు వేసుకుని నడిస్తే ఎలా ఉంటుందో బండికీ అంతేనని, కుడి చక్రానికి కూడా కొత్త లైనింగే వేశాడు. డ్రమ్ముల్ని పెట్రోలుతో కడిగి, గరుకు కాయితంతో రుద్ది, పొడి గుడ్డతో తుడిచాడు. ఎలాగూ విప్పాం కదా అని లోపలి పాత రబ్బరు బిళ్లలు కూడా మార్చాడు. అలా మార్చితే పైపుల్లోకి గాలి చేరుతుంది, దాన్ని తీయాలి. ఆ పనికి కారు కింద ఒకరు, పెడల్ మీద ఒకరు ఉండాలి. కింద మామ దూరాడు. పెడల్ మీద నేను నిలబడ్డాను. మిస్త్రీ తాత నమాజుకు వేళయిందని చెప్పి చేతులు కడుక్కోవడానికి పోయాడు.

కింది నుంచి మామ గొంతు ఒకటే వినబడుతోంది. "తొక్కు." తొక్కాను. "పట్టు." పట్టి ఉంచాను. కింద సీసాలో బుడగలు వచ్చిన చప్పుడు. నట్టు బిగించాక "వదులు." ఇలా చాలాసార్లు జరిగింది. ఆయన ముఖం నాకు కనబడదు, నా ముఖం ఆయనకు కనబడదు. పెడల్ మీది కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది కనుక పారిపోవడానికీ వీల్లేదు. అంతకంటే మంచి చోటు నాకు దొరకదని తోచింది.

"మామా" అన్నాను. "గది ఏక్సిల్ నూనె కాదు. అవ్వ ఆముదం. నేనే పోసిన. చక్రం ఏడుస్తుందని పోసిన."

కింద పానా కదలడం ఆగిపోయింది. నా మోకాలు నొప్పి పుడుతోంది. పెడల్ మాత్రం వదల్లేదు.

"వదలకు" అన్నాడు మామ చివరికి. నట్టు బిగించిన చప్పుడైంది. "ఇగ వదులు."

ఆయన బయటికి వచ్చి నేల మీదే కూర్చున్నాడు. ముఖమంతా మసి. నన్ను చూడలేదు. తన రెండు చేతులు ముందుకు చాచి వేళ్లు విప్పాడు, ముడిచాడు, మళ్లీ విప్పాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉన్నట్టుండి నవ్వాడు. నేను దగ్గరికి పోతే నా రెండు జడలు పట్టుకుని ఊపాడు. "పోరీ, గా మొదటి దినమే జెప్పితే అయిపోవు గద" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అవ్వ ఉండె బిడ్డా బండిల" అన్నాడు. ఆయన నన్ను మందలించింది ఆ ఒక్క ముక్కతోనే. ఆ ముక్క దెబ్బ కంటే గట్టిగా తగిలింది.

మిస్త్రీ తాత తిరిగొచ్చాక, "చాచా, నీకు ముందుగాల్నే ఎరుకనా?" అని మామ అడిగాడు. "నాకేమెరుక? ముసలోణ్ని. ముక్కు పని జెయ్యదు" అంటూ ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ ఎత్తు దగ్గర మామ కారు ఆపాడు. చేతి బ్రేకు లాగి, నన్ను లోపలే కూర్చోమని, తాను దిగి ముందుకు పోయి నిలబడ్డాడు. కారు కదల్లేదు. అంగుళం కూడా కదల్లేదు. దారంతా ఆయన పాత మామలా కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఇంటికి పోగానే గోడ దగ్గరికి వెళ్లి, "ఏ యాళ్లకన్నా పిలువు చెల్లె, బండి తయారుగున్నది" అని చెప్పాడు. నాలుగు రోజులకు పక్కింటి అక్క ఆ కారులోనే కామారెడ్డి దవాఖానకు పోయి ఆడపిల్లను కన్నది. సంగతంతా విన్న అవ్వ నన్ను తిడుతుందనుకుంటే, "నా ఆముదం కారును గూడ జారగొట్టిందా!" అని మురిసిపోయి, సీసాను నాకు అందనంత ఎత్తున అటక మీద పెట్టింది.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా ఆ పని చేసి, ఇప్పుడు కామారెడ్డిలోనే ఉంటున్నాను. మా వార్డులో ఒక మధ్యాహ్నం, కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి మందుల బల్ల దగ్గర కొయ్యబారి నిలబడి ఉంది. మంచం మీది మనిషి ఉన్నట్టుండి మగతలోకి పోతున్నాడు. ఆ పిల్ల ముఖం చూడగానే మందు ఎక్కువ పడిందని నాకు అర్థమైంది. ఒకరిని డాక్టరు కోసం పరిగెత్తించి, మిగిలినవాళ్లకు తలా ఒక పని చెప్పి పంపించాను. దగ్గరికి పోయి, "ఎంత ఇచ్చినవ్ బిడ్డా?" అని మాత్రం అడిగాను. ఆమె చెప్పింది. డాక్టరు పరిగెత్తుకుంటూ వచ్చి చేయాల్సింది చేశాడు, ఆ మనిషి సాయంత్రానికి లేచి కూర్చుని గంజి తాగాడు. తప్పు ఎవరిదో ఆ అమ్మాయే స్వయంగా రాసి సంతకం పెట్టింది. ఆమె రాస్తున్నంతసేపూ నేను పక్కన నిలబడ్డాను. ఎందుకు అని అడగాల్సినవాళ్లు చాలామంది ఉంటారు, తర్వాత అడుగుతారు. ముందు ఎంత అని అడిగేవాళ్లు ఒకరు కావాలి.

వార్డులో నాకు పనికొచ్చింది ఇది. ఇంట్లో పనికొచ్చింది ఇంకొకటి ఉంది. మా చిన్నమ్మాయి ఒకసారి పరీక్ష తప్పి, తనకు తెలివి లేదని గదిలోంచి బయటికి రాలేదు. ఆ పరీక్షల వారమంతా పక్క గదిలో నేనూ మా ఆయనా గొడవపడిన సంగతి మా ఇద్దరికే తెలుసు. ఆమె చదువు చెడింది ఆ గొడవ చప్పుడుకేనేమో, వినబడలేదులే అనుకుని ఊరుకోలేకపోయాను. తలుపు కొట్టి లోపలికి పోయి, అది చెప్పి, క్షమించమని అడిగాను. ఆమె లేచి వచ్చి అన్నం తిన్నది. నా వాళ్లెవరైనా తప్పంతా తమదేనని కుమిలిపోతుంటే, ఓదార్చబోయే ముందు, నేను చెప్పకుండా మింగిన మాట ఏదైనా ఉందేమోనని వెతుక్కుంటాను. దొరికితే, ఈ వయసులో కూడా కాళ్లు చల్లబడతాయి. అయినా చెప్పేస్తాను.